వృద్ధులలో పార్కిన్సన్ వ్యాధి గమనం

పార్కిన్సన్ వ్యాధి మెదడు లోని కొన్ని నాడీకణాలు క్రమక్రమంగా క్షీణించడం వలన కలిగే దీర్ఘకాలిక వ్యాధి. కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకుపోవడం, విశ్రాంతిగా ఉన్న చేతిలో వణుకు, నడకలో నిలకడ తప్పడం దీని ముఖ్య లక్షణాలు. ఆయుర్వేదంలో చెప్పిన కంపవాతాన్ని దీనితో పోలుస్తారు. వాడుకలో దీనిని వణుకుడు రోగం అనడం కూడా కద్దు. ఇది ఎక్కువగా 60 సంవత్సరాల వయస్సు దాటిన తరువాత బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధి ఉంది.

ఈ వ్యాధి నెమ్మదిగా, చాలా సంవత్సరాల పాటు ముదురుతుంది. వణుకు దీనికి ప్రసిద్ధమైన గుర్తు అయినప్పటికీ, చివరి సంవత్సరాలలో వృద్ధ రోగిని అధికంగా బాధించేది వణుకు కాదు. పడిపోవడం, మింగడం కష్టం కావడం, జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించడం అప్పటి ప్రధాన సమస్యలు. ఇవి మందులకు అంతగా లొంగవు. అందువలన వ్యాధి ఏ క్రమంలో నడుస్తుందో ముందుగా తెలుసుకొని ఉండడం రోగికి, కుటుంబ సభ్యులకు ఎంతో అవసరం.

చరిత్ర

లండన్ నగరానికి చెందిన వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ (1755-1824) 1817లో "వణికే పక్షవాతం" గురించి ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. అందులో ఆయన ఆరుగురు రోగుల స్థితిని వర్ణించాడు. వారిలో కొందరు ఆయన వద్దకు వైద్యానికి వచ్చినవారు కారు, వీధిలో కనిపించినవారు. తరువాత ఫ్రాన్సు దేశపు నాడీవైద్యుడు షార్కో ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టాడు. రోగులకు నిజమైన పక్షవాతం ఉండదని, వణుకు లేని రోగులు కూడా ఉంటారని ఆయన గుర్తించాడు. పార్కిన్సన్ జన్మదినమైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్ దినంగా పాటిస్తున్నారు.

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్, సర్పగంధి మొక్క నుండి లభించే రిసెర్పిన్ అనే మందు ఇచ్చి కుందేళ్ళను కదలలేని స్థితికి తెచ్చి, వాటికి డోపా ఇచ్చినపుడు అవి తిరిగి కదలడం చూపాడు. ఈ పరిశోధనలకు గాను ఆయనకు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి లభించింది. 1960లో వియన్నాలో హార్నికీవిజ్, ఆయన సహచరుడు ఈ వ్యాధితో మరణించినవారి మెదడులో డోపమైన్ బాగా తగ్గిపోయి ఉందని కనుగొన్నారు. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ డోపాను ఎక్కువ మోతాదులో నోటి ద్వారా ఇచ్చి మంచి ఫలితాలు సాధించాడు. అప్పటి నుండి లెవోడోపా ఈ వ్యాధికి ప్రధాన ఔషధంగా ఉంది.

తెలుగునాట పొదలలో పెరిగే దూలగొండి తీగ గింజలలో కూడా లెవోడోపా ఉంది. 1937లో దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రవేత్తలు ఈ గింజల నుండి దానిని వేరుచేశారు. అయితే గింజ గింజకూ మోతాదు మారుతుంది కనుక, మాత్రలు మాని సొంతంగా ఈ గింజల పొడి వాడడం ప్రమాదకరం.

మెదడులో జరిగే మార్పులు

మధ్యమెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న భాగం ఉంది. దీనిని సబ్‌స్టాన్షియా నైగ్రా అంటారు. ఇక్కడి నాడీకణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, కదలికలను క్రమబద్ధం చేసే మెదడు లోపలి భాగాలకు అందిస్తాయి. పార్కిన్సన్ వ్యాధిలో ఈ కణాలు క్రమంగా నశిస్తాయి. మిగిలిన కణాలలో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీను ముద్దలుగా పేరుకుంటుంది. ఈ ముద్దలను 1912లో మొదట వర్ణించిన శాస్త్రవేత్త పేరు మీద లూయీ బాడీలు అంటారు. రోగిలో కదలికల లక్షణాలు కనిపించే నాటికి మెదడులో ఈ కణాలు డోపమైన్ అందించే చోట ఆ రసాయనం సగానికి పైగా తగ్గిపోయి ఉంటుంది.

నష్టం ఈ ఒక్క భాగానికే పరిమితం కాదు. 2003లో జర్మనీ శాస్త్రవేత్త బ్రాక్, ఆయన సహచరులు చేసిన ప్రతిపాదన ప్రకారం చాలామందిలో ఈ మార్పులు వాసనను గ్రహించే భాగంలోను, మెదడు కాండపు అడుగు భాగంలోను మొదలై, తరువాత మధ్యమెదడుకు, చివరకు మెదడు పైపొరకు వ్యాపిస్తాయి. రోగులందరిలోను ఇదే క్రమం ఉండదు. అయినా వ్యాధి తొలి సూచనలు, చివరి సమస్యలు అర్థం చేసుకోవడానికి ఈ చిత్రం ఉపకరిస్తుంది.

బయటపడక ముందు సూచనలు

వణుకు కనిపించడానికి చాలా సంవత్సరాల ముందే కొన్ని సూచనలు ఉండవచ్చు.

* వాసన తెలియకపోవడం.
* దీర్ఘకాలం మలబద్ధకం.
* నిద్రలో కలలకు అనుగుణంగా కేకలు వేయడం, చేతులు కాళ్ళు విసరడం.
* కారణం తెలియని దిగులు, ఆందోళన.

వీటిలో నిద్రకు సంబంధించిన లక్షణానికి ఎక్కువ ప్రాధాన్యం ఉంది. మిగిలినవి వృద్ధాప్యంలో ఇతర కారణాల వలన కూడా వస్తాయి కాబట్టి, అవి ఉన్నంత మాత్రాన పార్కిన్సన్ వ్యాధి వస్తుందని అనుకోకూడదు.

దశలు

1967లో మార్గరెట్ హోన్, మెల్విన్ యార్ అనే వైద్యులు ఈ వ్యాధిని ఐదు దశలుగా విభజించారు. ఈ కొలమానం నేటికీ వాడుకలో ఉంది.

* మొదటి దశ: శరీరంలో ఒక వైపు మాత్రమే లక్షణాలు ఉంటాయి.
* రెండవ దశ: రెండు వైపులా లక్షణాలు ఉంటాయి, కాని నిలకడ తప్పదు.
* మూడవ దశ: నిలకడ తప్పడం మొదలవుతుంది. అయినా రోగి తన పనులు తాను చేసుకోగలడు.
* నాలుగవ దశ: లేచి నిలబడగలడు, నడవగలడు. కాని రోజువారీ పనులకు ఇతరుల సహాయం కావాలి.
* ఐదవ దశ: సహాయం లేకపోతే మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమవుతాడు.

రోగులందరూ ఐదవ దశకు చేరరు. ఒక్కో దశలో ఎంతకాలం ఉంటారన్నది కూడా వ్యక్తిని బట్టి మారుతుంది. ఈ కొలమానం కదలికలను మాత్రమే లెక్కిస్తుంది. నిద్ర, జ్ఞాపకశక్తి, మనోవ్యాకులత వంటివి ఇందులోకి రావు.

తొలి సంవత్సరాలు

మొదట ఒక చేతి బొటనవేలు, చూపుడు వేలు మాత్రను చుడుతున్నట్లు కదులుతాయి. చేయి పనిలో పెట్టగానే ఈ వణుకు తగ్గుతుంది. నడిచేటప్పుడు ఒక చేయి ఊగదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి, అన్నం కలుపుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. చేతివ్రాత వరుస చివరకు వచ్చేసరికి చిన్నదైపోతుంది. పింఛనుదారులలో కొందరికి బ్యాంకులో సంతకం సరిపోలకపోవడంతోనే ఈ మార్పు మొదట తెలుస్తుంది. ముఖంలో భావాలు పలకడం తగ్గుతుంది, గొంతు సన్నగిల్లుతుంది. దీనిని ఇంట్లోవారు కోపంగానో, ఉదాసీనతగానో పొరబడడం సాధారణం.

వృద్ధులలో ఈ మార్పులను వయస్సు వలన వచ్చినవని భావించడం చేత వ్యాధి నిర్ధారణ ఆలస్యమవుతుంది. వయస్సు పైబడితే కదలికలు కొంత నెమ్మదించవచ్చు కాని, ఒక వైపే ఎక్కువగా మందగించడం సహజమైన వృద్ధాప్యం కాదు. వ్యాధిని ప్రధానంగా నాడీవైద్యుని పరీక్ష ద్వారానే నిర్ధారిస్తారు. ఇతర కారణాలు లేవని తెలుసుకోవడానికి ఎమ్మారై వంటి పరీక్షలు చేయిస్తారు.

ఈ దశలో లెవోడోపా బాగా పనిచేస్తుంది. డోపమైన్‌ను నేరుగా ఇస్తే అది రక్తం నుండి మెదడు లోకి ప్రవేశించలేదు. లెవోడోపా ప్రవేశించగలదు, లోపల డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోయి వికారం కలిగించకుండా దానితో పాటు కార్బిడోపా కలిపి ఇస్తారు.

మందు ప్రభావం మారే కాలం

కొన్ని సంవత్సరాల తరువాత ఒక మాత్రకూ మరొక మాత్రకూ మధ్య లక్షణాలు తిరిగి కనిపించడం మొదలవుతుంది. దీనిని ఒక పోలికతో అర్థం చేసుకోవచ్చు. ఇంటిపైన నీటి తొట్టి ఉంటే, రోజుకు మూడు సార్లు మాత్రమే నీళ్ళు వచ్చినా కుళాయి రోజంతా నడుస్తుంది. తొట్టి పాడైతే నీళ్ళు వచ్చినంత సేపే కుళాయి నడుస్తుంది. తొలి సంవత్సరాలలో మిగిలి ఉన్న నాడీకణాలు ఆ తొట్టి వంటివి. అవి డోపమైన్‌ను నిలువ చేసి అవసరమైనపుడు విడుదల చేస్తాయి. అవి తగ్గిన కొద్దీ రోగి కదలిక మాత్ర వేళలపై ఆధారపడుతుంది.

మందు ఎక్కువగా పనిచేసే సమయంలో కొందరికి తల, చేతులు, నడుము తమంతట తామే మెలి తిరుగుతున్నట్లు కదులుతాయి. ఈ కదలికలు చిన్న వయస్సులో వ్యాధి వచ్చినవారిలో ఎక్కువ. మోతాదును చిన్న భాగాలుగా విభజించడం, మందు ప్రభావాన్ని పొడిగించే మరికొన్ని మందులు చేర్చడం ద్వారా వైద్యులు ఈ హెచ్చుతగ్గులను సరిదిద్దుతారు.

మందు ప్రభావం తగ్గుతుందన్న భయంతో లెవోడోపాను వీలైనంత ఆలస్యంగా మొదలుపెట్టాలన్న అభిప్రాయం ఒకప్పుడు ప్రబలంగా ఉండేది. ఈ హెచ్చుతగ్గులకు మూలకారణం ప్రధానంగా నాడీకణాల క్షయమేనని, మందును అవసరమైనపుడు మొదలుపెట్టక దాచిపెట్టడం వలన ప్రయోజనం లేదని నేడు భావిస్తున్నారు.

చివరి సంవత్సరాలు

వ్యాధి దీర్ఘకాలిక గమనం గురించి మనకు తెలిసిన దానిలో చాలా భాగం ఆస్ట్రేలియా లోని సిడ్నీలో 1984లో మొదలైన అధ్యయనం నుండి వచ్చింది. అందులో కొత్తగా వ్యాధి నిర్ధారణ అయిన 149 మందిని చేర్చుకొని 20 సంవత్సరాలు గమనించారు. దీర్ఘకాలంలో రోగులను అధికంగా అశక్తులను చేసేవి లెవోడోపాకు లొంగని లక్షణాలేనని 2005లో ప్రచురించిన 15 సంవత్సరాల నివేదిక తేల్చింది. 2008లో వెలువడిన నివేదిక ప్రకారం 20 సంవత్సరాల తరువాత 136 మందిలో 100 మంది మరణించారు. అప్పటికి జీవించి ఉన్నవారి స్థితి ఇలా ఉంది.

* పడిపోవడం: 87 శాతం
* డిమెన్షియా అనే బుద్ధిక్షీణత: 83 శాతం
* నడకలో కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోవడం: 81 శాతం
* లేనివి కనిపించడం వంటి భ్రాంతులు: 74 శాతం
* తినేటప్పుడు, త్రాగేటప్పుడు పొరబోవడం: 48 శాతం

ఈ లెక్కలు 20 సంవత్సరాలు వ్యాధితో జీవించినవారివి మాత్రమే. వ్యాధి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇవన్నీ వస్తాయని దీని అర్థం కాదు. అయితే కుటుంబం దేనికి సిద్ధపడాలో ఇవి స్పష్టం చేస్తున్నాయి.

పడిపోవడం వలన తుంటి ఎముక విరిగితే వృద్ధులు చాలాకాలం మంచం పట్టవలసి వస్తుంది. మింగడం దెబ్బతిన్నపుడు ఆహారం, లాలాజలం ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా వస్తుంది. ఈ వ్యాధిగ్రస్తుల మరణాలకు ముఖ్య కారణాలలో ఇది ఒకటి. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం వలన కళ్ళు తిరిగి పడిపోవడం కూడా ఈ కాలంలో ఎక్కువ.

వయస్సు ప్రభావం

వ్యాధి ఏ వయస్సులో మొదలైనదన్నది దాని గమనాన్ని చాలా మారుస్తుంది. బాక్సింగ్ వీరుడు మహమ్మద్ అలీకి 1984లో, 42 సంవత్సరాల వయస్సులో, ఈ వ్యాధి ఉన్నట్లు తెలిసింది. ఆయన మరో 32 సంవత్సరాలు జీవించి 2016లో మరణించాడు. 70 సంవత్సరాలు దాటిన తరువాత వ్యాధి మొదలైతే నడకలో నిలకడ తప్పడం, జ్ఞాపకశక్తి తగ్గడం త్వరగా వస్తాయి.

శవపరీక్ష ద్వారా వ్యాధి ధ్రువపడిన 129 మంది వివరాలను లండన్ శాస్త్రవేత్తలు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. చిన్న వయస్సులో వ్యాధి మొదలైనవారికి తొలిదశ చాలాకాలం సాగింది, పెద్ద వయస్సువారికి అది తక్కువ కాలమే ఉంది. కాని భ్రాంతులు, తరచుగా పడిపోవడం, బుద్ధిక్షీణత కనిపించిన తరువాత చివరి దశ మాత్రం అందరిలోను దాదాపు ఒకే వ్యవధిలో, కొద్ది సంవత్సరాలలో, ముగిసింది. చివరి దశ ఎప్పుడు వస్తుందనేది వ్యాధి ఎన్ని సంవత్సరాల క్రితం వచ్చిందన్న దానికంటే రోగి వయస్సుపై ఎక్కువగా ఆధారపడుతుందని దీనివలన తెలుస్తున్నది.

ఒక ఉదాహరణ

పోప్ రెండవ జాన్ పాల్ (1920-2005) జీవితంలో ఈ వ్యాధి గమనాన్ని ప్రపంచమంతా చూసింది. 1990ల తొలినాళ్ళలో ఆయన ఎడమ చేతిలో వణుకు కనిపించింది. తరువాత ముఖంలో భావాలు తగ్గాయి, నడక కష్టమైంది, మాట అస్పష్టమైంది. 2003లో వాటికన్ ఈ వ్యాధిని బహిరంగంగా అంగీకరించింది. అప్పటికి ఆయన చక్రాల పీఠంపై కదులుతున్నాడు. 2005 ఫిబ్రవరిలో ఫ్లూ జ్వరం తరువాత శ్వాస కష్టమై ఆసుపత్రిలో చేరాడు, 24వ తేదీన గొంతుకు రంధ్రం చేయవలసి వచ్చింది. మార్చి 27న ఈస్టర్ పండుగ నాడు కిటికీ వద్దకు వచ్చి కూడా మాట్లాడలేకపోయాడు. ఏప్రిల్ 2న మరణించాడు. రక్తంలోకి వ్యాపించిన ఇన్‌ఫెక్షన్, గుండె వైఫల్యం మరణానికి కారణాలు. ఈ వ్యాధి నేరుగా ప్రాణం తీయడం అరుదు. అది బలహీనపరచిన శరీరానికి మామూలు జ్వరం కూడా పెద్ద ఆపద అవుతుంది.

చికిత్స

వ్యాధి ముదరడాన్ని ఆపుతుందని రుజువైన మందు ఇంతవరకు లేదు. ఉన్నవి లక్షణాలను తగ్గించేవే. వృద్ధులలో సాధారణంగా లెవోడోపానే ఎంచుకుంటారు. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందుల వలన వృద్ధులకు భ్రాంతులు, అతినిద్ర వచ్చే అవకాశం ఎక్కువ. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మతిమరుపును పెంచుతుంది కనుక వృద్ధులలో సాధ్యమైనంత వరకు వాడరు. బుద్ధిక్షీణతకు రివాస్టిగ్మిన్ కొంత ఉపశమనం ఇస్తుంది.

మెదడు లోపల సన్నని తీగలు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే శస్త్రచికిత్సను 1987లో ఫ్రాన్సులో బెనబిడ్ వణుకు కొరకు ప్రారంభించాడు. హైదరాబాదు లోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో కూడా ఈ శస్త్రచికిత్స చేస్తున్నారు. లెవోడోపాకు ఇంకా స్పందిస్తూ, హెచ్చుతగ్గులతో బాధపడేవారికి ఇది మేలు చేస్తుంది. బుద్ధిక్షీణత మొదలైనవారికి, బాగా వయస్సు పైబడినవారికి సాధారణంగా దీనిని సూచించరు.

వ్యాయామం, నడక శిక్షణ, గట్టిగా మాట్లాడే అభ్యాసం అన్ని దశలలోను మందులతో సమానంగా అవసరం. తొలి సంవత్సరాలలో అలవడిన వ్యాయామం తరువాతి సంవత్సరాలలో రోగిని కాపాడుతుంది.

సంరక్షణలో జాగ్రత్తలు

* లెవోడోపా మాత్రలు వేళ తప్పకుండా ఇవ్వాలి. అకస్మాత్తుగా మానివేస్తే తీవ్ర జ్వరం, కండరాల బిగుతు వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. మరొక జబ్బుతో ఆసుపత్రిలో చేరినపుడు కూడా ఈ వేళలను అక్కడి వైద్యులకు వ్రాసి ఇవ్వాలి.
* పప్పు, పెరుగు, గ్రుడ్లు, మాంసం లోని మాంసకృత్తులు మందును ప్రేగుల నుండి రక్తంలోకి పోకుండా కొంత అడ్డుకుంటాయి. అందువలన మాత్రను భోజనానికి అరగంట నుండి గంట ముందు వేసుకోవడం మంచిది. మాంసకృత్తులు పూర్తిగా మానరాదు.
* వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కలత మనస్సుకు ఇచ్చే హాలోపెరిడాల్ డోపమైన్ పనికి అడ్డుపడి లక్షణాలను పెంచుతాయి. తలతిరుగుడుకు ఇచ్చే సిన్నారిజిన్ కూడా అటువంటిదే. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా పార్కిన్సన్ వ్యాధి ఉన్నట్లు ముందుగా చెప్పాలి.
* గడప వద్ద, మలుపు వద్ద కాళ్ళు ఆగిపోతే చేయి పట్టి లాగరాదు. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ అడుగు వేయమనాలి. నేలపై అడ్డగీతలు గీస్తే వాటిని దాటుతూ నడవడం చాలామందికి సులభమవుతుంది.
* స్నానాల గదిలో పట్టుకొనే కమ్మీలు, రాత్రి పూట దీపం, జారని చెప్పులు ఏర్పాటు చేయాలి.
* భోజనం నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా పెట్టాలి. పలుచని నీళ్ళు పొరబోతే జావ వంటి చిక్కని ద్రవాలు మేలు. తినేటప్పుడు దగ్గు తరచుగా వస్తుంటే వైద్యునికి చెప్పాలి.
* భ్రాంతులను రోగితో వాదించి పోగొట్టలేము. భయపెట్టనివైతే ఊరుకోవచ్చు. భయపెడుతుంటే మందుల మార్పు అవసరమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. పార్కిన్సన్ వ్యాధి నెలలు, సంవత్సరాల లెక్కన ముదురుతుంది. రెండు మూడు రోజులలో రోగి హఠాత్తుగా దిగజారితే అది సాధారణంగా వ్యాధి ముదరడం కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, శరీరంలో నీరు తగ్గడం, తీవ్ర మలబద్ధకం, కొత్తగా వాడిన మందు వంటి కారణం ఏదో ఉంటుంది. వీటిలో చాలా వాటికి చికిత్స ఉంది. "ముదిరిపోయింది, ఇక చేయగలిగింది లేదు" అని ఊరుకుంటే సరిదిద్దదగిన దానిని వదిలివేసినట్లవుతుంది.

రోగితో పాటు సేవ చేసేవారికి, ముఖ్యంగా తాము కూడా వృద్ధులైన భార్యకు లేదా భర్తకు, విశ్రాంతి అవసరం. చివరి దశలో గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం, ఆసుపత్రిలో చేర్చడం వంటి విషయాలలో రోగి అభిప్రాయాన్ని ఆయన చెప్పగలిగిన స్థితిలో ఉన్నపుడే అడిగి తెలుసుకోవడం మంచిది.

పొరబడే ఇతర వ్యాధులు

పని చేసేటప్పుడు, గ్లాసు పట్టుకొన్నపుడు మాత్రమే చేతులు వణకడం సాధారణంగా పార్కిన్సన్ వ్యాధి కాదు. మొదటి సంవత్సరంలోనే తరచుగా పడిపోతూ, కళ్ళు క్రిందికి తిప్పలేకపోతుంటే అది 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్‌షెవ్‌స్కీ వర్ణించిన వేరొక వ్యాధి కావచ్చు. కదలికల సమస్యకు ముందే గాని, అది మొదలైన ఒక సంవత్సరం లోపల గాని బుద్ధిక్షీణత వస్తే దానిని లూయీ బాడీ డిమెన్షియా అంటారు. ఇవి లెవోడోపాకు అంతగా స్పందించవు, వీటి గమనం కూడా వేరు. కొన్ని మందుల వలన వచ్చే వణుకు, బిగుతు ఆ మందు మానిన తరువాత చాలామందిలో క్రమంగా తగ్గిపోతాయి.

ఇవి కూడా చూడండి

* మెదడు
* నాడీకణం
* డోపమైన్
* అల్జీమర్స్ వ్యాధి
* దూలగొండి
* సర్పగంధి